డ్రోన్‌ను వినే డబ్బా: యాంప్లిఫయర్ దగ్గరే గడిచిన ఏడు వారాలు

జనవరి 19

ఈ పని ఎందుకు నెత్తినేసుకున్నానో ముందు రాసి పెట్టుకుంటా, లేకుంటే రెండు నెలల తర్వాత నాకే గుర్తుండదు. మా బావమరిది ధర్మసాగర్ వైపు ఊళ్లలో మందు కొట్టే డ్రోన్ నడుపుతాడు. పది లీటర్ల ట్యాంకు, ఆరు రెక్కలది. యాసంగి వరి నాట్లు పడ్డాక వాడికి తీరిక ఉండదు. మొన్న ఒక మడి మీద రెండు మీటర్ల ఎత్తులో మందు కొడుతుంటే, చెరువు కట్ట మీద ప్రీ వెడ్డింగ్ షూట్ చేస్తున్నవాళ్ల చిన్న డ్రోన్ ఒకటి సరాసరి దీని పక్కకి దిగిందట. తగల్లేదు, కానీ తగిలితే మందు ట్యాంకుతో సహా మడిలో పడేది.

"బావా, ఇంకో డ్రోన్ దగ్గర్లో ఉంటే కుయ్యిమని మోగేదేమన్నా చెయ్యరాదా?" అన్నాడు. పక్కనే ఉన్న వాడి దోస్తు "మోగుడెందుకే, జామర్ పెట్టు, పడిపోతది" అన్నాడు. అది కుదరదు. మన దగ్గర జామర్ కొనడానికీ వాడడానికీ ప్రైవేటు మనుషులకు అనుమతి లేదు, అది సర్కారు సంస్థల పని. పైగా డ్రోన్లూ రిమోట్లూ మాట్లాడుకునే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో పట్టీలో గోల పెడితే మొదట కట్ అయ్యేది మావాడి రిమోటే, మందు డ్రోన్ ఎటు పోతుందో దేవుడికెరుక. కాబట్టి మనది చెవి మాత్రమే, నోరు కాదు. వినడం, ఏదో ఉంది అని చెప్పడం, అంతవరకే. లోపల వీడియోలో ఏముందో విప్పి చూసే పని కూడా పెట్టుకోను.

సుబేదారిలో నా రిపేరు షాపు వెనక గదిలో హ్యాక్ఆర్ఎఫ్, అంటే కంప్యూటర్‌కి తగిలించే రేడియో, ఒకటి దుమ్ము పట్టి ఉంది. 6 గిగాహెర్ట్జ్ దాకా వింటుంది, ఒక్కసారికి 20 మెగాహెర్ట్జ్ వెడల్పు చూస్తుంది. స్వీప్ పెడితే, అంటే ముక్క ముక్కగా తిరుగుతూ చూడమంటే, 2400 నుంచి 2483 దాకా ఉన్న పట్టీ మొత్తం కన్ను మూసి తెరిచేలోగా ఎన్నోసార్లు తిరిగొస్తుంది. ఇంకేం, యాంటెన్నా పెడితే అయిపోయింది అనుకున్నా. చెవి ఉంది గానీ చెవిటిది అని అప్పటికి తెలియదు.

జనవరి 26

సెలవు కదా, షాపు మూసి మిద్దె మీదికెక్కా. 31 మిల్లీమీటర్ల రాగి తీగ, కింద నాలుగు కాళ్లు, పావు తరంగం యాంటెన్నా. అక్కడి నుంచి పది మీటర్ల ఆర్‌జీ-58 కేబుల్ కింది గదిలోకి. పెళ్లిళ్లకు షూట్ చేసే ఫ్రెండు ఒకడు తన 250 గ్రాముల లోపు డ్రోన్ తెచ్చి వడ్డేపల్లి వైపు ఖాళీ జాగాలో లేపాడు. 150 మీటర్ల దాకా కనబడింది. 200 దాటగానే మాయం.

లెక్క వేస్తే ఇంత ఘోరంగా ఉండకూడదు. డ్రోన్ 100 మిల్లీవాట్లు, అంటే 20 డీబీఎం, పంపుతుందనుకుందాం (డీబీ అంటే ఎన్ని రెట్లో చెప్పే కొలత, 10 డీబీ అంటే పది రెట్లు; డీబీఎం అంటే ఒక మిల్లీవాటుతో పోల్చి చెప్పడం). 2.4 గిగాహెర్ట్జ్‌లో కిలోమీటరు దూరానికి ఖాళీ గాల్లో నష్టం 100 డీబీ. అంటే యాంటెన్నా దగ్గర మైనస్ 80 రావాలి. 20 మెగాహెర్ట్జ్ వెడల్పులో ప్రకృతి పెట్టే గోల (నాయిస్) మైనస్ 101. మధ్యలో 20 డీబీ జాగా ఉంది. మరి ఎక్కడ పోయింది?

కేబుల్లో పోయింది. ఆర్‌జీ-58 ఈ ఫ్రీక్వెన్సీలో మీటరుకు సుమారు ఒక డీబీ తినేస్తుంది. పది మీటర్లు, పది డీబీ. యాంటెన్నా పట్టిన దాంట్లో పదో వంతే కిందికి దిగింది. ఆ మిగిలింది హ్యాక్ఆర్ఎఫ్ సొంత గోలలో కలిసిపోయింది.

ఫిబ్రవరి 2

మా బాపు ఇరవై ఏళ్లు కేబుల్ టీవీ నడిపాడు. నేను స్క్రీన్ మీద గోల చూపిస్తుంటే కళ్లద్దాలు పైకి జరిపి "ఏందిరా, మొత్తం చీమలే ఉన్నయి" అన్నాడు. టీవీలో బొమ్మ లేనప్పుడు పారే ఆ చుక్కలను కేబుల్ వాళ్లంతా చీమలనే అంటారు. "బూస్టర్ యాడ పెట్టినవ్? కిందనా? చీమలు పట్టినంక బూస్టర్ పెడితే చీమలే పెద్దగైతయ్."

ఇంజనీరింగ్‌లో దీనికి ఫ్రీస్ ఫార్ములా అని పేరు పెట్టి పావు గంట చెప్పారు మాకు. వరుసలో మొదట వచ్చేది ఏదైతే దాని గోలే మొత్తం గోల, దాని తర్వాత వచ్చేవాటి గోల ముందున్న గెయిన్‌తో (ఎన్ని రెట్లు పెంచిందో దాంతో) భాగింపబడి చిన్నదైపోతుంది. అందుకే ముందు పది డీబీ నష్టం పెట్టి ఆ తర్వాత ఎంత మంచి యాంప్లిఫయర్ పెట్టినా ఆ పది డీబీ తిరిగి రాదు. డిష్ యాంటెన్నా మూతి దగ్గరే ఎల్‌ఎన్‌బీ (సిగ్నల్ పెంచి కిందికి పంపే ముక్క) ఎందుకు పెడతారో, దానికి కరెంటు సెట్ టాప్ బాక్స్ నుంచి అదే కేబుల్లో పైకి ఎందుకు పంపుతారో, నేను రోజూ రిపేరు చేస్తూ కూడా ఇక్కడికి అన్వయించుకోలేదు. సిగ్గేసింది కొంచెం.

అంటే యాంప్లిఫయర్ పైకెక్కాలి. కేబుల్ మాత్రం ఆర్‌జీ-6 వాడు, ఇంట్లో రెండు చుట్టలున్నాయి అని బాపు పట్టు. అది 75 ఓములది, మనది 50, కలవకపోతే సిగ్నల్ కొంత వెనక్కి తిరుగుతుంది అని నేను. గొడవ కాసేపు నడిచింది. చివరికి లెక్క వేసి చూస్తే ఆ తేడా వల్ల వెనక్కి తిరిగేది నాలుగు శాతం, 0.18 డీబీ. కేబుల్లో నష్టం మాత్రం ఆర్‌జీ-58తో పోలిస్తే మూడో వంతే. బాపు గెలిచాడు. అయితే ఆ ఊపులో "ఒకటెందుకు, మూడు బూస్టర్లు పెట్టు" అన్నాడు, ఆ మాట విననందుకు తర్వాత సంతోషించా.

ఫిబ్రవరి 8

హైదరాబాద్ పోయినవాడితో కోఠి గుజరాతీ గల్లీ నుంచి ఎస్‌పీఎఫ్5189 యాంప్లిఫయర్ చిప్పులు నాలుగు తెప్పించా. 5 వోల్టులు, 90 మిల్లీయాంపులు. 900 మెగాహెర్ట్జ్ దగ్గర గోల 0.6 డీబీ, గెయిన్ 18.7 అని డేటాషీట్ గొప్పగా చెబుతుంది, కానీ ఆ అంకె చూసి మోసపోకండి, 2.4కి వచ్చేసరికి గెయిన్ బాగా పడిపోతుంది. నా బోర్డు మీద ఒక్కోదానికి 11 చిల్లర వచ్చింది. అందుకే రెండు మెట్లు పెట్టా, ఒక చిప్పు వెనక ఇంకో చిప్పు.

బోర్డు ఇంట్లోనే చేశా. 1.6 మిల్లీమీటర్ల మందం మామూలు ఎఫ్‌ఆర్4 (ఫైబర్‌గ్లాస్ బోర్డు), గీత వెడల్పు 3 మిల్లీమీటర్లు ఉంటే 50 ఓములు వస్తుంది. ఫెర్రిక్ క్లోరైడ్ తొట్టిలో నుంచి తీసేసరికి గీత అంచులు ఎలుక కొరికినట్టు ఉన్నాయి, అయినా పనిచేసింది. ఎఫ్‌ఆర్4లో ఈ ఫ్రీక్వెన్సీకి పావు తరంగం అంటే 17 మిల్లీమీటర్లు మాత్రమే అని గుర్తుంచుకుంటే చాలు, గ్రౌండ్ పిన్నుకి ఒక సెంటీమీటరు తీగ వేలాడదీసి "గ్రౌండ్ ఇచ్చాను కదా" అనరు ఎవరూ. చిప్పు కడుపు కింద, పక్కన, సన్న డ్రిల్లుతో పన్నెండు రంధ్రాలు పెట్టి రాగి పోగులు దూర్చి రెండు వైపులా సోల్డర్ పెట్టా. నడుము పోయింది.

వానకు, ఎండకు ఓ డబ్బా కావాలి కదా. మా బిడ్డ పాత జామెట్రీ బాక్స్ ఉంది, రేకుది. మూత లోపల ఎక్కాలు అచ్చేసి ఉన్నాయి. సరిగ్గా సరిపోయింది. బల్ల మీద మూత తీసి పెట్టినప్పుడు అంతా బంగారం. 180 మిల్లీయాంపులు, గెయిన్ సరిగ్గా. మూత పెట్టా. కరెంటు 210కి ఎగిరింది. యాంటెన్నా బదులు 50 ఓముల రెసిస్టర్ బిగించి ఉంది, అంటే లోపలికి వచ్చే సిగ్నలే లేదు, అయినా ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ ఉందో చూపే స్పెక్ట్రమ్ ఎనలైజర్ మీద 2.44 గిగాహెర్ట్జ్ దగ్గర తాటిచెట్టులా ఒక గీత నిలబడింది. మూత తీస్తే పోతుంది. పెడితే వస్తుంది. మూత మీద వేలు నొక్కితే గీత పక్కకి జరుగుతుంది. చిప్పు పాడైందేమోనని మార్చా, కెపాసిటర్లు మార్చా, రాత్రి ఒంటిగంట అయింది.

ఫిబ్రవరి 9

పొద్దున చాయ్ తాగుతూ స్కేలు పెట్టి డబ్బా కొలిచా. పొడవు 15.5, వెడల్పు 6.7 సెంటీమీటర్లు. మూత పెట్టిన రేకు డబ్బా అంటే గది లాంటిది, ఖాళీ గదిలో పాడితే ఒక స్వరం దగ్గర గోడలు మోగుతాయి కదా, అట్లా. ఆ స్వరం ఎక్కడో లెక్క సులువే: ఒకటి బై పొడవు వర్గం, ఒకటి బై వెడల్పు వర్గం, రెండూ కలిపి వర్గమూలం తీసి, సెంటీమీటర్లలో కొలిచి ఉంటే 15తో గుణిస్తే గిగాహెర్ట్జ్‌లో వస్తుంది. వేశా. 2.44.

ప్రపంచంలో ఇన్ని డబ్బాలుండగా నేను ఏరి ఏరి 2.44 గిగాహెర్ట్జ్‌కి ట్యూన్ చేసిన డబ్బా తెచ్చుకున్నా. రెండో మెట్టు నుంచి బయటికొచ్చిన శక్తి డబ్బాలో మోగి మొదటి మెట్టు మూతిలోకి తిరిగి దూరుతోంది. మైకు ముందు స్పీకరు పెడితే కీచుమన్నట్టే.

నెయ్యి డబ్బా రేకు కత్తిరించి మధ్యలో అడ్డుగోడ పెట్టి నాలుగు వైపులా సోల్డర్ చేశా, గీత పోవడానికి మాత్రం కింద చిన్న సందు. ఇప్పుడు ఒక్కో అర 7.7 బై 6.7, దాని స్వరం 3 గిగాహెర్ట్జ్ దగ్గరికి జరిగింది, పైగా ఒక అరలో ఒక మెట్టే ఉంది. మూత లోపల, ఐసీలు గుచ్చి పంపే నల్ల స్పాంజి ఉంటుంది చూడండి, అది అతికించా, మిగిలిన మోత అది మింగుతుంది. ఎక్కాలు కనబడకుండా పోయాయి. మూత పెట్టా, 180. నొక్కా, 180. మూత మీద వేళ్లతో దరువేసినా 180.

ఫిబ్రవరి 15

మిద్దె మీదికెక్కించి ఆన్ చేశా. ఇదివరకటి కంటే అధ్వానం. స్క్రీన్ మొత్తం లేచి కూర్చుంది, లేని చోటల్లా గీతలు. యాంప్లిఫయర్ మళ్లీ మోగుతోందనుకుని గంట వృథా చేశా. తర్వాత స్వీప్ కొంచెం కిందికి జరిపి చూస్తే, 2300 నుంచి 2400 మధ్య గోడలా 4జీ. మా వీధి చివర బిల్డింగు మీద టవరుంది. ఆ పట్టీ 2400 దగ్గర ముగుస్తుంది, నా పట్టీ సరిగ్గా అక్కడే మొదలు. మధ్యలో కంచె కూడా లేదు. నా యాంప్లిఫయర్ డ్రోన్‌నూ టవరునూ సమానంగా పెంచి పంపింది, ఆ వరద తట్టుకోలేక హ్యాక్ఆర్ఎఫ్ లోపల కలగాపులగం అయింది. దానిది 8 బిట్ల చూపు, పక్కన సూర్యుడుంటే మిణుగురు కనబడదు. బాపు చెప్పినట్టు మూడు బూస్టర్లు పెట్టి ఉంటే ఇంకా చూడాల్సింది.

ఫిల్టర్ కావాలి. రూటర్లలో వైఫైకీ 4జీకీ గొడవ రాకుండా పెట్టే బీఏడబ్ల్యూ ఫిల్టర్లున్నాయి, మినప్పప్పు బద్దలో సగం కూడా ఉండవు, 2400కి పైనున్న వైఫై పట్టీని పోనిచ్చి, కిందున్న 4జీని కత్తిరించినట్టు ఆపుతాయి. చిక్కేమిటంటే అవి కూడా దారిలో సుమారు 2 డీబీ తింటాయి. యాంటెన్నా పక్కనే పెడితే ఆ 2 డీబీ నేరుగా గోలలో కలుస్తుంది, మళ్లీ ఆర్‌జీ-58 కథే. రెండు మెట్ల మధ్యలో పెడితే? కాగితం మీద వేశా. ముందు పెడితే మొత్తం గోల 3 డీబీ, మధ్యలో పెడితే 1.3. మధ్యలో పెడితే టవరు దెబ్బంతా మొదటి చిప్పు ఒక్కటే తట్టుకోవాలి, అది తట్టుకుంటుంది, ఈ చిప్పు గట్టిది, నష్టపోయేది దాని వెనకున్నవే. అడ్డుగోడ కింద వదిలిన సందు పక్కనే ఫిల్టర్ కూర్చోబెట్టా. మన అదృష్టం, జాగా సరిపోయింది.

దీని గురించి ఇంకా రాయొచ్చు గానీ ఒక్క మాట: ఎక్కువ గెయిన్ అంటే బాగా వినడం అనుకునేవాళ్లకి టవరు కింద నిలబెట్టి చూపించాలి.

సాయంత్రానికి టవరు గోడ మాయమైంది. వైఫై మాత్రం ఉంటుంది, ఒకటి, ఆరు, పదకొండో ఛానళ్లు, అంటే 2412, 2437, 2462 దగ్గర మూడు దిబ్బలు. హనుమకొండ నడిబొడ్డున అది తప్పదు. పొలంలో ఆ బాధ ఉండదు.

ఫిబ్రవరి 22

పొలానికి తీసుకెళ్లాం. వెదురు కర్ర మీద జామెట్రీ బాక్స్, కారు బ్యాటరీ నుంచి 12 వోల్టులు ఆర్‌జీ-6లోనే పైకి, డబ్బాలో 7805 ఐసీ దాన్ని 5 చేస్తుంది. లెక్కకు ఒకటిన్నర వాట్లు కూడా కాదు గానీ, మూసిన డబ్బాలో, ఎండలో, చెయ్యి పెట్టనివ్వట్లేదు. దానికి అల్యూమినియం ముక్క కట్టాలి, ఇంకా కట్టలేదు.

బావమరిది సంతోషంగా వచ్చి రిమోట్ ఆన్ చేసి, రెండు చేతులూ ఖాళీ కావాలని దాన్ని నా కర్ర మొదట్లో ఆనించి పెట్టాడు. నేను కారులో లాప్‌టాప్ దగ్గర. స్క్రీన్ మీద ఒక్క మెరుపు, తర్వాత అంతా చల్లబడింది.

రిమోట్ 20 డీబీఎం. మీటరు దూరానికి నష్టం 40 డీబీయే. మైనస్ 20 వచ్చి, నా యాంప్లిఫయర్ ఇంకో 20 పెంచితే, కేబుల్ నష్టం తీసేసినా సున్నా దగ్గర. హ్యాక్ఆర్ఎఫ్ తట్టుకునేది మైనస్ 5 వరకే, ఆ పైన దాని లోపలి చిన్న యాంప్లిఫయర్ పోతుంది. నేను దాన్ని ఆన్ చేసే ఉంచా. పోయింది.

"నేనేం చేసిన బావా, రిమోట్ కింద పెట్టిన అంతే కదా" అన్నాడు. నిజమే, వాడి తప్పేం లేదు. చెవి దగ్గర కేకేస్తే ఏమవుతుందో నేనే ముందు ఆలోచించాలి.

మార్చి 1

ఇంటికొచ్చి చూస్తే, లోపలి యాంప్లిఫయర్ ఆన్ చేసినప్పుడు సిగ్నల్ పెరగాల్సింది పోయి తగ్గుతోంది. పోయిందనడానికి అదే గుర్తు. ఆఫ్ చేస్తే పక్కదారిలో మామూలుగానే వస్తోంది. బయట మంచి యాంప్లిఫయర్ పెట్టుకున్నాక లోపలిదానితో పనేముంది, అట్లాగే వదిలేశా. కొత్త నియమం ఒక్కటే: రిమోట్ నుంచి కర్ర ముప్పై మీటర్లు. అంత దూరంలో మైనస్ 50 వస్తుంది, ప్రాణానికి ఢోకా లేదు.

షాపులో రాత్రంతా ఆన్ చేసి వదిలితే పొద్దున ఏడున్నరకు బజర్ మోగింది. తొమ్మిదింటికి మళ్లీ. డ్రోన్ లేదు, ఆకాశంలో కాకులు తప్ప. వెడల్పుగా, మెల్లగా జరుగుతూ 2.45 చుట్టూ తిరుగుతోంది. సెకను ముక్కలు చేసి చూస్తే 20 మిల్లీసెకన్లకోసారి వెలుగుతూ ఆరుతోంది, అంటే మన 50 హెర్ట్జ్ కరెంటు లయ. కింద బేకరీలో పఫ్‌లు వేడి చేసే మైక్రోవేవ్. ఈ లయ కనబడితే బజర్ కొట్టొద్దని ప్రోగ్రాములో ఒక షరతు పెట్టా. పఫ్ కూడా తిన్నా, చల్లగానే ఉంది.

మార్చి 8

అసలు పరీక్ష. ఫ్రెండు బైకు మీద డ్రోన్ పట్టుకుని దూరం పోతూ ఆగిన చోటల్లా లేపాడు, 60 మీటర్ల ఎత్తు మించకుండా. మన గ్రీన్ జోన్ (ముందస్తు అనుమతి అక్కర్లేని చోటు) హద్దు 400 అడుగులు, దానికి సగమే ఇది.

300 మీటర్లు: కళ్లు మూసుకున్నా దొరుకుతుంది. 600: దిట్టంగా ఉంది. కిలోమీటరు దగ్గర గోల మీద 12 డీబీ పైకి వచ్చింది. లెక్క ప్రకారం 20 రావాలి, చింతచెట్లు, అడ్డంగా పడుకున్న డ్రోన్ యాంటెన్నా, నా ఎలుక కొరికిన గీతలు కలిసి మిగతాది తిన్నాయి. 1.4 కిలోమీటర్ల దగ్గర చెట్ల వెనక ఉన్నప్పుడు ఏం లేదు, 40 మీటర్లు లేవగానే కనబడింది. జనవరిలో 200 మీటర్లకే చేతులెత్తేసింది ఇదే హ్యాక్ఆర్ఎఫ్, పైగా ఇప్పుడు లోపలి యాంప్లిఫయర్ చచ్చి ఉంది కూడా.

మావాడి మందు డ్రోన్ రిమోట్ సన్నగా, ఒక చోట నిలవకుండా చిటుకు చిటుకుమని ఎగురుతుంది. వీడియో పంపే డ్రోన్ 10 లేదా 20 మెగాహెర్ట్జ్ వెడల్పు దిమ్మెలా కూర్చుంటుంది. ప్రస్తుతానికి ఆ దిమ్మె కనబడితేనే బజర్. వీడియో లేకుండా ఎగిరేవాటిని ఇది పట్టదు, ఎటు వైపు ఉందో చెప్పదు. బావమరిదికి అది చాలట. "మోగితే దింపేస్త, ఆ పెండ్లి బ్యాచ్ పోయినంక మల్ల లేపుత" అన్నాడు.

మార్చి 9

కొన్ని డ్రోన్లు 5.8 గిగాహెర్ట్జ్‌కి మారిపోతాయి, దానికి ఇంకో డబ్బా చెయ్యాలి. ఎఫ్‌ఆర్4 అక్కడ బాగా తింటుంది, చిప్పు కూడా వేరేది కావాలి, ఇది 4 దాటదు. అన్నిటికంటే ముందు డబ్బా. చదరంగా ఉంటే 3.6 సెంటీమీటర్ల కంటే చిన్నది కావాలి, లేకపోతే మళ్లీ అదే కీచు. పొద్దున వరంగల్ స్టేషన్ రోడ్డు వైపు హోల్‌సేల్ కొట్లో స్కేలు పట్టుకుని రేకు డబ్బాలు ఒక్కోటి కొలుస్తుంటే, షావుకారు కాసేపు చూసి "ఏం పోస్తవ్ తమ్మీ ఇండ్ల, సున్నమా?" అని అడిగాడు. రెండు తీసుకున్నా, ఒకటి 3.2, ఒకటి 3.5.